సరిపోద్ది సార్, నాదీ పూచీ

విశాఖపట్నం ఇప్పుడు మామూలు ఊరు కాదు. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు ఇక్కడ పెడతామని ప్రకటించారు. గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రం అడుగున కేబుళ్లు, కృత్రిమ మేధ, అన్నీ మనకే. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పొట్లం పట్టుకున్నవాళ్లు కూడా గిగావాట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. చాలా సంతోషం. గూగుల్ యాజమాన్యానికి ఒక్కటే మనవి. కంప్యూటర్‌కు మెదడులాంటి చిప్ అయిన ప్రాసెసర్‌ను బోర్డులో బిగించే పని మాత్రం దయచేసి కంప్యూటర్ షాపులుండే మా ద్వారకానగర్‌లో ఎవరికీ అప్పగించకండి.

ఎందుకంటే ద్వారకానగర్‌కు సొంత కంప్యూటర్ శాస్త్రం ఒకటుంది. అందులో సూత్రం ఒక్కటే. ఫలానా ప్రాసెసర్ ఫలానా మదర్‌బోర్డుకు, అంటే భాగాలన్నీ బిగించే ఆ పెద్ద బోర్డుకు, పడుతుందా అని మీరు అడగాలి. కౌంటర్ వెనక ఉన్నాయన ఫోన్‌లో ఎవరితోనో కొరియర్ గురించి తగవు పడుతూనే, తల ఎత్తకుండా, "సరిపోద్ది సార్" అనాలి. మీరు మోడల్ నంబరు పూర్తిగా చెప్పకముందే తీర్పు వచ్చేస్తుంది. రెండోసారి అడిగితే "నాదీ పూచీ" అని కలుపుతాడు. మూడోసారి అడిగితే మీరు అనుమానం మనిషని తేలిపోతుంది, పక్కనున్న కస్టమర్ కూడా మీ వంక జాలిగా చూస్తాడు. నిజంగా పని తెలిసిన షాపువాళ్లు ఊళ్లో లేకపోలేదు. వాళ్లు "ఆగండి, లిస్టు చూసి చెప్తాను" అంటారు. చూసి చెప్పేవాడికి ఏం తెలుసులే అని మనం లేచి పక్క షాపుకు పోతాం.

ఇంతకీ చూడాల్సింది ఎంతని? ప్రతి మదర్‌బోర్డు కంపెనీ తన వెబ్‌సైట్లో మోడల్ వారీగా సీపీయూ (ప్రాసెసర్) సపోర్ట్ లిస్ట్ పెడుతుంది. ఒకవైపు ప్రాసెసర్ పేరు, ఇంకోవైపు అది ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. బయోస్ అంటే బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను నిద్రలేపే చిన్న ప్రోగ్రాం. చేతిలో ఉన్న ఫోన్‌లోనే కనిపిస్తుంది. టీ చల్లారేలోపు అయిపోయే పని. ఆ ఫోన్ మాత్రం కొరియర్‌వాణ్ణి తిట్టడానికే పుట్టింది.

కంపెనీలు అమాయకులని నేను అనను. ప్రాసెసర్లు చేసే ఇంటెల్ వారి సాకెట్ల, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూళ్ల, వంశవృక్షం చూడండి. 2009లో 1156 పిన్నులు. 2011లో ఒకటి తగ్గించి 1155 అన్నారు. ఆ ఒక్క పిన్నుతో పాత ప్రాసెసర్‌కూ కొత్త బోర్డుకూ మాటల్లేవు. 2013లో 1150, 2015లో 1151. సరే, అంకె చూసుకుంటే చాలన్నమాట అని జనం ఊపిరి పీల్చుకునేలోపు 2017లో 8వ జనరేషన్ (తరం) ప్రాసెసర్లు దిగాయి. పిన్నులు అవే 1151. చూడటానికి తేడా ఏమీ ఉండదు. అంతకుముందు కొన్న 1151 బోర్డులో పెడితే మాత్రం లేవదు. కరెంటు ఇచ్చే పిన్నులు మార్చామని సంజాయిషీ. కొందరు ఔత్సాహికులు పాత బోర్డుల బయోస్ మార్చి, కొన్ని పిన్నుల మీద టేపు అంటించి అదే ప్రాసెసర్‌ను నడిపించి చూపించారనుకోండి, అది వేరే సంగతి. ఆ తర్వాత 2020లో 1200 వచ్చింది. దానికీ ఒక మెలిక ఉంది. 10వ జనరేషన్‌ను మోసిన హెచ్410, బి460 బోర్డులు అదే సాకెట్‌కు వచ్చిన 11వ జనరేషన్‌ను ఒప్పుకోవు. 2021లో 1700, 2024లో 1851.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వాళ్లు ఏఎం4 అనే ఒక్క సాకెట్‌ను ఏళ్ల తరబడి నడిపారు. పుణ్యాత్ములే. కానీ చాలా బోర్డుల్లోని 16 మెగాబైట్ల బయోస్ చిప్‌లో అన్ని తరాల ప్రాసెసర్ల వివరాలూ పట్టలేదు. కొత్తవాటికి చోటు కోసం పాతవాటిని తీసేయాల్సి వచ్చింది. రాబోయే రైజన్‌లు (వాళ్ల ప్రాసెసర్ల పేరు అది) బి450 బోర్డుల్లో పనిచేయవని 2020 మే నెలలో చెప్పారు. జనం గోల ఎత్తుకునేసరికి అదే నెలలో మాట మార్చారు. తయారుచేసినవాళ్లే నెల తిరక్కుండా మాట మార్చుకున్న విషయంలో, ఫోన్ చెవిన పెట్టుకుని తీర్పు చెప్పాలంటే మామూలు ధైర్యం చాలదు.

ఇక పేర్లు. "ఏ ప్రాసెసర్ సార్?" అంటే "ఐ5" అంటారు. ఎన్నో జనరేషన్ ఐ5? 2009 నుంచి 14వ జనరేషన్ దాకా అన్నిట్లోనూ ఐ5 ఉంది. 2012 నాటి పాత ఐ5ను హెచ్61 బోర్డులో బిగించి, పక్కన రంగుల లైట్ల ఫ్యాను పెట్టి, "ఐ5 గేమింగ్ పీసీ" అని అమ్మితే అబద్ధమని కోర్టు కూడా అనలేదు.

నంబరు తర్వాత అక్షరం వస్తుంది. 28 బస్సుకూ 28కె బస్సుకూ తేడా చూసుకోకుండా ఎక్కితే ఈ ఊళ్లో కండక్టర్ కూడా జాలిపడడు. ప్రాసెసర్ చివర అక్షరమూ అంతే. ఇంటెల్‌లో కె ఉంటే ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపడానికి, వీలుంటుంది, కాకపోతే దానికి జెడ్ రకం బోర్డు కావాలి. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మ రాదు, ఎవరొచ్చినా రాదు. ర్యామ్ జోలికి నేను పోను. ఒకే 1700 సాకెట్ బోర్డులు డీడీఆర్4 రకం ర్యామ్‌కు వేరే, డీడీఆర్5 రకానికి వేరే ఉంటాయన్నది కూడా తెలియకుండా అమ్మేవాళ్లున్నారని చెప్పి వదిలేస్తాను.

ఆ ఎఫ్ అనే అక్షరం ఆడించిన నాటకం ఒకటి, మౌస్ కొనడానికి వెళ్లి, ఆసాంతం చూశాను.

షాపు పేరు అనవసరం. ఒక తండ్రి, ఇంజినీరింగ్ చదివే కొడుకు. బల్ల మీద అట్టపెట్టెపై కొత్త హెచ్610 బోర్డు, అందులో 14వ జనరేషన్ ఐ5 14400ఎఫ్. గ్రాఫిక్స్ కార్డు లేదు. అప్పుడే షాపువాళ్లు బిగించారు. టెక్నీషియన్ కుర్రాడు స్క్రూడ్రైవర్ మొనతో పవర్ పిన్నులు రెండూ కలిపాడు. ఫ్యాన్ తిరిగింది. మానిటర్ నల్లగా ఉంది.

"ఏటి బాబూ, ఏటయినాది?" అన్నాడు తండ్రి.

"ఏం లేదు గురువుగారూ, ర్యామ్ కాంటాక్ట్ ప్రాబ్లం" అని కుర్రాడు డ్రాయర్‌లోంచి పెన్సిల్ రబ్బరు తీశాడు. ర్యామ్ అంచున ఉన్న బంగారు గీతలను శ్రద్ధగా రుద్దాడు. సీల్ తీసి పావుగంట కాని ర్యామ్ అది. మళ్లీ పెట్టాడు. నలుపే. బోర్డు మీది సెల్ పీకి, కాసేపు ఆగి, మళ్లీ పెట్టాడు. నలుపు. కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ పెట్టె మార్చాడు. కేబుల్ మార్చాడు. మానిటర్ మార్చాడు, ఈసారి ఇంకా పెద్ద నలుపు వచ్చింది. ప్రింటర్ ఇంక్ కోసం వచ్చినాయన ఎర్తింగ్ చూడమన్నాడు. ఇంకొకాయన వైరస్ అయ్యుండొచ్చన్నాడు. అప్పుడు ఓనరు ఫోన్ దించి చరిత్రలో నిలిచిపోయే ఆ మాట అన్నాడు: "ఒకసారి విండోస్ కొట్టి చూడరా."

బోర్డు కళ్లే తెరవలేదు. దానికి విండోస్ కొడతారట. పెన్‌డ్రైవ్ కూడా పెట్టారు. అందరం మానిటర్ వైపు భక్తిగా చూశాం.

చివరికి పై అంతస్తు సర్వీసింగ్ నుంచి ఒకతను దిగి వచ్చి, పెట్టె మీద స్టిక్కర్ చూసి, పాత స్టాకు, బయోస్ పాతది, 14వ జనరేషన్‌ను గుర్తుపట్టదు అన్నాడు. హెచ్610 బోర్డులు 2022 మొదట్లో వచ్చాయి, 14వ జనరేషన్ 2023 అక్టోబరులో వచ్చింది. పుట్టని బిడ్డను బోర్డు ఎలా గుర్తుపడుతుంది? ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ పెట్టి, వెనక బటన్ నొక్కితే బయోస్ ఎక్కించుకునే సదుపాయం కొన్ని బోర్డులకు ఉంటుంది. దీనికి లేదు. కొత్త ప్రాసెసర్ నడవాలంటే బయోస్ మార్చాలి, బయోస్ మార్చాలంటే ముందు పాత ప్రాసెసర్ నడవాలి. అతనే పైనుంచి 12వ జనరేషన్ ఐ3 ఒకటి తెచ్చి పెట్టాడు. బొమ్మ వచ్చింది! షాపంతా ఒకటే సందడి. తండ్రి మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. బయోస్ ఎక్కించారు. పైనుంచి వచ్చినతను పని అయిందని మెట్లెక్కి వెళ్లిపోయాడు. కుర్రాడు ఐ3 తీసి 14400ఎఫ్ పెట్టాడు.

నలుపు.

డ్రాయర్‌లోంచి మళ్లీ రబ్బరు బయటికి వచ్చింది.

పెట్టె మీద అంగుళం ఎత్తున ఎఫ్ అని ఉంది. అక్కడ ఉన్న ఏ ఒక్కరూ ఆ అక్షరం చదవలేదు. చివరికి కొడుకే ఫోన్‌లో వెతికి, "నాన్నా, దీనికి గ్రాఫిక్స్ కార్డు కావాలంట" అన్నాడు. ఓనరు ఏమాత్రం తడుముకోలేదు. "అవును, కార్డు తీసుకోవాలి కదా సార్. మీరు చెప్పలేదు."

ఎవరు చెప్పాలి? లారీలకు మెటీరియల్ లోడు చేసే కాంట్రాక్టు పనిలో నైట్ డ్యూటీ దిగి, నిద్రపోకుండా వచ్చిన ఆ తండ్రి చెప్పాలా?

కార్డుకు డబ్బుల్లేవు, వేరే ప్రాసెసర్ ఇవ్వమన్నారు. కుర్రాడు విసుగ్గా 14400ఎఫ్ తీయబోయాడు. అది వేలినుంచి జారి సాకెట్ మీద అంచుతో పడింది. ఈ సాకెట్లలో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డుకే ఉంటాయి, వెంట్రుకల్లా. ఫోన్ టార్చి వేసి చూస్తే ఓ మూల రెండు పిన్నులు పక్కకు ఒరిగి ఉన్నాయి. కుర్రాడు ఓనరు వంక చూశాడు. ఓనరు బోర్డు వంక చూశాడు. "హ్యాండ్లింగ్ ప్రాబ్లం సార్. ఫిజికల్ డ్యామేజ్ అంటారు. వారంటీ రాదు."

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. ఎవరి హ్యాండ్లింగ్? ఆ బోర్డును తండ్రి ముట్టుకోలేదు, కొడుకు ముట్టుకోలేదు. పాత స్టాకు అంటగట్టింది మీరు. కార్డు లేకుండా పనిచేయని ప్రాసెసర్ ఇచ్చింది మీరు. చేతిలోంచి జారవిడిచింది మీరు. నష్టం మాత్రం నెలనెలా దాచుకున్నవాడిదా? బిల్లు చూపించమని నేను మధ్యలో దూరాను. బిల్లే లేదు. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ ఎక్స్‌ట్రా అని ముందే చెప్పారట, నాలుగు డబ్బులు మిగులుతాయని ఆయన వద్దన్నాడట. ఆయన మిగుల్చుకున్న ఆ డబ్బులే ఇప్పుడు షాపుకు కవచం. అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. ఆ మాటే అన్నాను. "మీరు మౌస్ కోసం వచ్చారు కదా సార్" అన్నాడు ఓనరు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము కూడా లేదు. అది కాగితం మీద రాసి కొడుకు చేతిలో పెట్టాను. మౌస్ కొనలేదు.

మీరు కొనేటప్పుడు ఇలా చేయండి. ప్రాసెసర్ పూర్తి పేరు చివరి అక్షరంతో సహా, బోర్డు మోడల్, అందులో ఉన్న బయోస్ వెర్షన్, ఈ రెండూ కలిసి పనిచేస్తాయన్న ఒక్క వాక్యం, అన్నీ బిల్లు మీద రాసి స్టాంపు వేయమనండి. నాదీ పూచీ అన్న పెద్దమనిషే కదా, రాయడానికేం? రాయడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అంత చోటు లేదంటాడు. పెన్నుతో రాయమనండి.