బ్రీత్ అనలైజర్ చూపిన అంకెకూ సాక్ష్యం కావాలి

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక పోలీసు సార్జెంటు ఉండేవాడు. డ్రంకెన్ డ్రైవ్ పరీక్షలకు వాడే యంత్రాలు సరిగా చూపిస్తున్నాయో లేదో ఆరు నెలలకోసారి సరిచూడటం ఆయన పని. ఆల్కహాల్ ఎంత కలిపారో ముందే తెలిసిన ద్రావణాన్ని 34 డిగ్రీల వేడి దగ్గర ఉంచి, దాని ఆవిరిని యంత్రంలోకి పంపుతారు. మనిషి ఊపిరి బయటికొచ్చేటప్పుడు దాదాపు అంతే వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆ లెక్క. ద్రావణం నిజంగా ఆ వేడిలోనే ఉందా అని ముందుగా ఒక ప్రామాణిక థర్మామీటరుతో చూడాలి. ఆ ఒక్క పనీ చేయకుండానే అంతా సక్రమంగా ఉందని ఆయన కాగితాల మీద రాశాడన్న ఆరోపణ వచ్చింది. థర్మామీటరుతో చూడకుండా సరిచేసిన యంత్రాల ఫలితాలను నమ్మలేమని 2018లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. అలా ప్రశ్నలో పడ్డ పరీక్షలు 20,667.

ఈ సంగతి విన్నవాళ్లకు ముందు కోపమే వస్తుంది. తాగి బండి నడిపిన వాళ్లంతా థర్మామీటరు పేరు చెప్పుకుని బయటపడ్డారా అని అడుగుతారు. ఆ కోపంలో న్యాయం ఉంది. తాగినవాడి బండి కింద సొంత మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఈ సాంకేతిక వాదనలేవీ ఎక్కవు, ఎక్కాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ బాధితులకు అన్యాయం చేసింది ఎవరు? థర్మామీటరు చూశారా అని అడిగిన లాయరా, చూడకుండా సంతకం పెట్టిన మనిషా? నా దృష్టిలో రెండోవాడే. నిజానికి అది చిన్న పనే. చేసి ఉంటే ఇన్ని వేల కేసుల్లో ఎవరూ ఇలాంటి ప్రశ్న లేవనెత్తగలిగేవారు కాదు.

డ్రంకెన్ డ్రైవ్ కేసు ఒక అంకె మీద నిలబడుతుంది. మొదట్లో ఇలా లేదు. 1897 సెప్టెంబరులో లండన్‌లో జార్జ్ స్మిత్ అనే టాక్సీ డ్రైవరు బండిని ఓ భవనానికి గుద్దాడు, తాగి ఉన్నానని తనే ఒప్పుకున్నాడు. కారు తాగి నడిపినందుకు శిక్ష పడిన తొలి మనిషిగా ఆయన పేరే చెబుతారు. అప్పటికి అక్కడున్నది 1872 నాటి చట్టం. బండ్లు, గుర్రాలు, పశువులు, ఆవిరి ఇంజన్లు తాగి తోలేవాళ్ల కోసం రాసిన చట్టమది. ఒప్పుకోని మనిషి విషయంలో మాత్రం తూలుతున్నాడా, మాట ముద్దగా వస్తోందా, కళ్లు ఎర్రబడ్డాయా అన్నదే సాక్ష్యం. నిద్ర లేనివాడూ జ్వరం వచ్చినవాడూ అలాగే కనిపించవచ్చు. తాగుడు బాగా అలవాటైనవాడు గీత గీసినట్టు నడిచి చూపించనూవచ్చు. ఈ ఇబ్బందిని దాటడానికి నార్వే 1936లో కొత్త దారి తీసింది. రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం దాటితే చాలు, మనిషి తూలినా తూలకపోయినా నేరమేనంది. బ్రిటన్ 1967లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. ఇప్పుడు భారత్‌లో అది 30, స్వీడన్‌లో 20, జర్మనీలో 50. అమెరికా రాష్ట్రాల్లో 80 అయితే, యూటా ఒక్కటి 2018 చివర్లో 50కి దిగింది.

అందుకే చాలా దేశాల్లో రెండు రకాల అభియోగాలు కనిపిస్తాయి. ఒకటి, మత్తులో బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడన్నది. దీనికి నడక, మాట, బండి నడిపిన తీరు, చూసినవాళ్ల వాంగ్మూలం కావాలి. రెండోది, పరిమితి దాటాడన్నది. దీనికి కొలత చాలు. జర్మనీలో ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అక్కడ 50 దాటితే జరిమానా, లైసెన్సు మీద వేటు. 110 దాటితే నేరుగా క్రిమినల్ నేరం. 30 దాటాక డ్రైవింగ్‌లో తడబాటు కూడా కనిపిస్తే, 50 దాటకపోయినా క్రిమినల్ కేసు పెట్టవచ్చు. ఇది తెలియక 'లిమిట్ లోపలే తాగాను కదా' అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. బండి కదల్లేదు కాబట్టి కేసు లేదనుకోవడమూ అలాంటిదే. ఇంగ్లండ్‌లో తాగి తాళంచెవి దగ్గర పెట్టుకుని కారులో నిద్రపోయినా, బండి 'అధీనంలో' ఉన్నందుకు వేరే నేరం ఉంది. మత్తు దిగేదాకా నడిపే అవకాశమే లేదని నిందితుడు చూపించగలిగితేనే బయటపడతాడు.

ఇంతకీ ఆ అంకె ఎలా పుడుతుంది? బ్రీత్ అనలైజర్ రక్తాన్ని చూడదు. ఊపిరితిత్తుల లోతుల నుంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ ఎంతుందో కొలుస్తుంది. అక్కడి నుంచి రక్తంలో ఎంతుందో లెక్క కడతారు. గాలిలో ఉన్నదానికి రక్తంలో 2,100 రెట్లు ఉంటుందని అమెరికా లెక్క. బ్రిటన్ 2,300 రెట్లంటుంది. నిజానికి ఇది మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో గంట గంటకూ మారుతుంది. కాబట్టే ఇంగ్లండ్ ఊపిరికి వేరే పరిమితి పెట్టుకుంది. 100 మిల్లీలీటర్ల గాలికి 35 మైక్రోగ్రాములు. రక్తం లెక్కలోకి మార్చే పనే లేదు. రెండుసార్లు ఊదించి, తక్కువ వచ్చిన అంకెనే తీసుకుంటారు కూడా. ఈ పద్ధతిలో నిందితుడికీ న్యాయం ఉంది, కేసుకూ బలం ఉంది.

ఊదే ముందు జరగాల్సిన పని ఒకటుంది. ఎక్కువగా అడుగు జారేది ఇక్కడే. మనిషిని కనీసం పదిహేను నిమిషాలు కంటికి ఎదురుగా కూర్చోబెట్టి గమనించాలి. ఆ సేపట్లో ఏమీ తాగకూడదు, పొగ పీల్చకూడదు, వాంతి కాకూడదు, త్రేన్పు కూడా రాకూడదు. పొట్టలోంచి ఎగదన్నిన ఆల్కహాల్ గానీ, మౌత్‌వాష్ తడి గానీ నోట్లో ఉంటే యంత్రం దాన్నే ఊపిరితిత్తుల గాలి అనుకుని పెద్ద అంకె చూపిస్తుంది. పదిహేను నిమిషాలాగితే ఆ తడి ఆరిపోతుంది. అధికారి ఆ సేపు ఫోనులో ఉన్నాడా, కాగితాలు రాసుకుంటూ వీపు తిప్పుకున్నాడా అని డిఫెన్స్ లాయర్ అడిగితే అది సాగదీత కాదు. స్టేషన్ సీసీ కెమెరా దృశ్యాలు అడిగి తెప్పించుకోవడం మంచి లాయరు మొదట చేసే పనుల్లో ఒకటి.

రక్తపరీక్ష ఇంతకంటే గట్టి సాక్ష్యం. అందులోనూ చూడాల్సినవి ఉన్నాయి. సూది గుచ్చే చోట స్పిరిట్‌తో తుడవకూడదు. సీసా అడుగున తెల్లటి పొడి ఉండాలి. అది సోడియం ఫ్లోరైడ్. అది సరిపడా లేకపోతే సీసాలోనే సూక్ష్మజీవులు పెరిగి ఆల్కహాల్‌ను పుట్టించవచ్చు, ఉన్నదాన్ని తినేయనూవచ్చు. సీలు ఎవరు వేశారు, ఏ ఫ్రిజ్‌లో ఉంది, ల్యాబ్‌లో ఎవరి చేతికి వెళ్లింది, ఇవన్నీ సంతకాలతో వరసగా ఉండాలి. ప్రమాదం తర్వాత ఆస్పత్రిలో వైద్యం కోసం చేసిన పరీక్షనే కోర్టుకు తెస్తే ఇంకో చిక్కుంది. ఆస్పత్రులు చాలావరకు రక్తం మొత్తాన్ని కాక, అందులోంచి వేరుచేసిన సీరాన్ని పరీక్షిస్తాయి. సీరంలో నీటి పాలు ఎక్కువ కాబట్టి ఆల్కహాల్ కూడా పదిహేను శాతం అటూఇటూగా ఎక్కువ కనిపిస్తుంది. పరిమితి అంచున ఉన్న మనిషికి దోషిత్వానికీ నిర్దోషిత్వానికీ మధ్య తేడా అదే కావచ్చు.

తర్వాత వచ్చేది సమయం. తాగిన మద్యం ఎక్కువగా చిన్నపేగులోంచి రక్తంలోకి ఎక్కుతుంది. చివరి గ్లాసు తర్వాత అరగంటో గంటో, కడుపు నిండా తింటే ఇంకా ఆలస్యంగానో అది శిఖరానికి చేరుతుంది. ఆ తర్వాత 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దిగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1930ల్లో ఈ లెక్కకు సూత్రం కట్టాడు, ఇవాళ్టికీ కోర్టుల్లో దాన్నే వాడుతున్నారు. చివరి గ్లాసు తాగిన వెంటనే బండెక్కి పది నిమిషాల్లో దొరికిన మనిషిని గంట తర్వాత స్టేషన్‌లో ఊదించారనుకుందాం. బండి నడిపేటప్పటికంటే పరీక్షప్పుడే అంకె ఎక్కువ ఉండే అవకాశం ఉంది. ఈ వాదన శాస్త్రం ప్రకారం నిజమే, కానీ అన్ని చోట్లా చెల్లదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు నడిపిన రెండు గంటల్లోపు పరిమితి దాటితే చాలని చట్టంలోనే రాసేశాయి. పరీక్షలో వచ్చినదానికంటే నడిపేటప్పుడు తక్కువ లేదని అనుకోవాలని ఇంగ్లండ్ చట్టం చెబుతుంది. ప్రమాదం తర్వాత కంగారులో తాగాను, నడిపేటప్పుడు తాగలేదు అనే వాదనకు చోటుంది గానీ, దాన్ని రుజువు చేసుకునే భారం నిందితుడి మీదే. జపాన్ ఇంకో అడుగు వేసింది. మత్తు బయటపడకుండా ఉండటానికి ప్రమాద స్థలం నుంచి పారిపోతే, అదే ఒక నేరం. మనిషి ప్రాణం పోయిన కేసుల్లో దానికి పన్నెండేళ్ల దాకా జైలు. ఇది సరైన చట్టమని నా అభిప్రాయం. లేకపోతే ఆగి గాయపడినవాడిని ఆస్పత్రికి చేర్చినవాడికంటే పారిపోయినవాడికే లాభం.

ఇదే లెక్క మర్నాడు పొద్దున కూడా పనిచేస్తుంది. అర్ధరాత్రి 150 దగ్గర ఉన్నవాడు గంటకు 15 చొప్పున దిగినా ఉదయం ఏడింటికి 45 దగ్గర ఉంటాడు. నిద్రపోయాడు, స్నానం చేశాడు, కాఫీ తాగాడు, తాగుబోతులా అనిపించడు. అయినా భారత్ చట్టం ప్రకారం అతను నేరస్తుడు. కాఫీ, చన్నీళ్లు, పుదీనా బిళ్లలు ఆ అంకెను తగ్గించవు. కాలేయం తన వేగంతోనే పనిచేస్తుంది.

ఊదనని మొండికేస్తే కేసు బలహీనపడుతుందన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. ఇంగ్లండ్‌లో సరైన కారణం లేకుండా నమూనా ఇవ్వకపోవడం వేరే నేరం, అందులోనూ లైసెన్సు పోతుంది. అమెరికా రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకోవడమంటేనే పరీక్షకు ముందే ఒప్పుకున్నట్టు లెక్క. కాదంటే కోర్టుతో పని లేకుండానే లైసెన్సు ఆగిపోతుంది. అయితే అక్కడి సుప్రీంకోర్టు 2016లో ఒక గీత గీసింది. అరెస్టు చేశాక ఊపిరి పరీక్షకు వారంటు అక్కర్లేదు, శరీరంలోకి సూది గుచ్చి తీసే రక్తానికి మాత్రం కావాలి. రక్తం ఇవ్వనన్నందుకు వారంటు లేకుండా క్రిమినల్ శిక్ష వేయకూడదు. ఇది నాకు సమంజసంగానే కనిపిస్తుంది.

ఇక శిక్షలు. ఇంగ్లండ్‌లో పరిమితి దాటి నడిపితే కనీసం పన్నెండు నెలలు డ్రైవింగ్ నిషేధం, ఆరు నెలల దాకా జైలు. తాగి నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే 2022 నుంచి యావజ్జీవం దాకా పడవచ్చు. 2006లో ఫుకువోకాలో తాగిన డ్రైవరు ఢీకొట్టి ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయాక, జపాన్ శిక్షలు పెంచింది. మందు పోసినవాడినీ, కారు ఇచ్చినవాడినీ, తెలిసి పక్కన కూర్చున్నవాడినీ కూడా శిక్షించేలా చట్టం మార్చింది. ప్రతి ఘోర ప్రమాదం తర్వాతా శిక్ష పెంచాలన్న డిమాండు రావడం సహజం. కానీ బండెక్కేవాడు ఆ క్షణంలో ఆలోచించేది ఎన్నేళ్లు జైలని కాదు, ఈ రాత్రి దొరుకుతానా లేదా అని. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ 1982 డిసెంబరులో ఎవరినైనా ఎక్కడైనా ఆపి ఊదించే పద్ధతి పెద్దఎత్తున మొదలుపెట్టింది. రోడ్డు మరణాలు గట్టిగా తగ్గాయి. 1967 తర్వాత బ్రిటన్‌లోనూ మొదట తగ్గాయి. దొరికే అవకాశం అనుకున్నంత లేదని జనానికి అర్థమయ్యాక ఆ ఫలితం కరిగిపోతూ వచ్చిందని నేరశాస్త్రవేత్త లారెన్స్ రాస్ పరిశీలనలు చెబుతాయి.

దొరకడం ఖాయమన్న నమ్మకం ఉండాలంటే దొరికాక కేసు నిలబడాలి. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2011 జూన్ నుంచి 2019 ఏప్రిల్ దాకా చేసిన ఊపిరి పరీక్షల ఫలితాలను అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2023లో పక్కన పెట్టింది. సుమారు 27,000 మందికి దీనితో సంబంధం ఉంది. యంత్రాల లోపాల కాగితాలను పరీక్షలు చూసే ప్రభుత్వ విభాగమే డిఫెన్స్‌కు ఇవ్వకుండా దాచిపెట్టింది. వాటిని మొదటి రోజే ఇచ్చి ఉంటే లోపాలు అప్పుడే సరిదిద్దేవారు, ఎనిమిదేళ్ల పని నీళ్లపాలయ్యేది కాదు.

కేసులో ఇరుక్కున్నవాడికి లాయరు చేయగలిగే మేలు ఎప్పుడూ కేసు కొట్టించడమే కాదు. యంత్రం తనిఖీ రికార్డు సరిగా ఉండి, పదిహేను నిమిషాలూ కెమెరాలో కనిపిస్తూ, రెండు కొలతలూ దగ్గరదగ్గరగా ఉంటే నేరం ఒప్పుకోమని చెప్పేవాడే నిజాయితీపరుడు. ఇంగ్లండ్‌లో కోర్టు అవకాశమిస్తే మద్యం మీద అవగాహన కోర్సు పూర్తిచేసినవాడికి నిషేధం నాలుగో వంతు దాకా తగ్గవచ్చు. దానికీ ముందు నిందితుడు తనంతట తాను చేసుకోవాల్సిన పనులున్నాయి. చివరిగా ఎప్పుడు తాగాడో, పోలీసులు ఎన్నింటికి ఆపారో, ఎన్నింటికి ఊదించారో, మధ్యలో ఏం జరిగిందో ఆ రాత్రే రాసి పెట్టుకోవాలి. మరో వారానికి ఆ గంటలు గుర్తుండవు. రక్తం తీస్తే అందులో ఒక భాగం తనకివ్వమని అడగాలి. ఇంగ్లండ్‌లో అడిగినవాడికి అది ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే ఆ నమూనా సాక్ష్యంగా చెల్లదు. ఆ రెండో సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, వీలైనంత త్వరగా వేరే ల్యాబ్‌కు పంపించాలి.