వేగం పెరిగితే తడబడే ఓఎఫ్‌డీఎంనే 6జీకీ అంటగడతారా?

4జీ, 5జీ రెండూ ఓఎఫ్‌డీఎం అనే సిగ్నల్ పంపే పద్ధతి మీదే నడుస్తున్నాయి. 6జీ ప్రమాణాలు తయారుచేస్తున్న 3జీపీపీ మళ్లీ దాన్నే పునాదిగా పట్టుకుంది. చిప్ కంపెనీల సౌకర్యం చూశారే తప్ప, రేపటి అవసరం చూడలేదు.

డేటాను వందల సన్నటి సబ్‌క్యారియర్ల (చిన్న ఫ్రీక్వెన్సీ పాయల) మీద ఒకేసారి పంపడమే ఓఎఫ్‌డీఎం. ఫ్రీక్వెన్సీ కదలనంత వరకే అవి ఒకదానిలో ఒకటి కలవవు. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో నడపాలనుకుంటున్న ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైల్లో, డాప్లర్ ప్రభావానికి (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడానికి) 3.5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వెయ్యి హెర్ట్జ్‌కు పైగా జరుగుతుంది. 26 గిగాహెర్ట్జ్‌లో అయితే 7,700. పైగా ఎదురుగా వచ్చే సిగ్నల్ పైకి, వెనక నుంచి వచ్చేది కిందికి జరుగుతాయి కాబట్టి రెండిటినీ ఒకే దిద్దుబాటుతో సరిచేయలేం.

సబ్‌క్యారియర్ల మధ్య ఎడం పెంచితే సరి అంటారు. 15 కిలోహెర్ట్జ్‌ని 60 చేస్తే సింబల్ (ఒక్కో విడత డేటా పంపే సమయం) నాలుగో వంతుకు తగ్గుతుంది. దాంతోపాటే సిగ్నల్ ప్రతిబింబాల నుంచి కాపాడే సైక్లిక్ ప్రిఫిక్స్ (సింబల్ ముందు ఉంచే రక్షణ వ్యవధి) కూడా 4.7 మైక్రోసెకన్ల నుంచి 1.2కి పడిపోతుంది. అప్పుడు కొండకో భవనానికో తగిలి, 350 మీటర్లకు మించి చుట్టు తిరిగొచ్చిన సిగ్నల్ తర్వాతి సింబల్‌ని పాడుచేస్తుంది. ప్రిఫిక్స్ పొడవు పెంచారా, ఐదో వంతు సమయం దానికే ఖర్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి!

2017లో రోనీ హదానీ బృందం ప్రతిపాదించిన ఓటీఎఫ్ఎస్ అనే మరో పద్ధతి ఈ చిక్కుముడిని మూలంలోనే విప్పింది. డేటాను డిలే-డాప్లర్ తలంలో (సిగ్నల్ ఎంత ఆలస్యమైంది, ఫ్రీక్వెన్సీ ఎంత జరిగింది అనే రెండు కొలతల మీద) అమర్చి, ప్రతి డేటా ముక్కనీ మొత్తం బ్యాండ్ మీద, ఫ్రేమ్ పొడవునా పరుస్తుంది. సిగ్నల్‌ని తిప్పికొట్టే వస్తువులు కొన్నే కాబట్టి, అక్కడ చానల్ (సిగ్నల్ ప్రయాణించే దారి) కొద్దిపాటి బిందువులుగా, నిదానంగా మారుతూ కనిపిస్తుంది.

రిసీవర్‌లో లెక్కలు పెరుగుతాయని, ఫ్రేమంతా వచ్చేదాకా ఆగాలని కాదనేవాళ్ల మాట. అది నిజమే. కానీ ఓటీఎఫ్ఎస్‌ని ఓఎఫ్‌డీఎం ముందూ వెనకా అదనపు ప్రాసెసింగ్‌గా పెట్టొచ్చు. పాత హార్డ్‌వేర్ పారేయక్కర్లేదు. వేగంగా కదిలే వినియోగదారులకే దాన్ని ఆన్ చేస్తే చాలు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మన మౌనం. బెంగళూరు ఐఐఎస్సీ, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఓటీఎఫ్ఎస్ మీద గట్టి పరిశోధన జరిగింది. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్‌ల కృషితో వచ్చిన 5జీఐ అనే దేశీ 5జీ ప్రమాణాన్ని పల్లెల కవరేజీ కోసం ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ ముందు పెట్టి ఒప్పించాం. తర్వాత అది 3జీపీపీ రిలీజ్ 17లో కలిసింది. పట్టుబడితే ప్రమాణం మారుతుందని అప్పుడే రుజువైంది. 6జీకి గంటకు 500 నుంచి 1,000 కిలోమీటర్ల వేగాన్ని ఐటీయూ లక్ష్యంగా పెట్టింది. ఆ వేగాలకు ఓటీఎఫ్ఎస్‌ని కనీసం ఐచ్ఛిక మోడ్‌గానైనా చేర్చాలని భారత ప్రతినిధులు ఇప్పుడే లిఖితపూర్వకంగా అడగాలి.