రాష్ట్రపతి గారి పట్టుచీర అంచు

మా బాబాయి పోర్టులో లెక్కల గుమాస్తాగా ఉద్యోగ విరమణ చేసిన మర్నాటి నుంచి ఒక ఉత్కంఠభరితమైన నవల రాస్తున్నాడు. ఒక దేశపు తొలి మహిళా రాష్ట్రపతి మీద జరిగే కుట్ర అందులోని కథ. మా పిన్ని ముప్పై ఏళ్లపాటు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పిన మనిషి కనుక, ఆ నవల మూడో అధ్యాయం దాటి ముందుకు కదలలేదు. మామూలు వేళల్లో ఇద్దరూ మన విశాఖ యాసలోనే మాట్లాడుకుంటారు గాని, పోట్లాట మొదలయ్యేసరికి ఇద్దరి భాషా గెజిట్ ప్రకటనలా బిగుసుకుంటుంది. గత ఆదివారం సాయంత్రం ఎంవీపీ కాలనీలోని వాళ్ల బాల్కనీలో, ఆరేసిన దుప్పటి సముద్రపు గాలికి లేచి మా ముగ్గురి మొహాల మీదా కొడుతుండగా, నేను విన్నది విన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

(బాబాయి పాత లెడ్జరు పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. వంటింట్లో కొళాయి టప్పు టప్పుమని కారుతోంది.)

బాబాయి: "నెమలికంఠం రంగు పట్టుచీర అంచు పాలరాతి మెట్లను ముద్దాడుతుండగా, ఇరవై ఎనిమిదేళ్ల ఆ సౌందర్యరాశి దేశ అత్యున్నత పీఠం వైపు అడుగులు వేసింది." ఎలా ఉంది?

పిన్ని: ఆ చీర మెట్లు ఎక్కడానికి మూడు పేజీలు పట్టింది. మగ రాష్ట్రపతి గురించి రాసేవాళ్లు ఎవరైనా ఆయన పంచె కుచ్చెళ్లను మూడు పేజీలు వర్ణిస్తారా?

బాబాయి: కలాం గారి జుట్టు గురించి అయిదేళ్లపాటు దేశమంతా మాట్లాడుకున్న సంగతి నువ్వు మరిచిపోయినట్టున్నావు.

(పిన్ని దగ్గర దీనికి వెంటనే జవాబు లేకపోయింది. ఆ సాయంత్రం బాబాయికి దక్కిన గెలుపు ఇదొక్కటే కనుక, దీన్ని నమోదు చేయడం నా ధర్మం.)

పిన్ని: సరే, జుట్టు మీకే వదిలేస్తున్నాను. కాని 28 ఏళ్లకు మన దేశంలో ఎవరూ రాష్ట్రపతి కాలేరు. రాజ్యాంగం 58వ అధికరణ ప్రకారం 35 ఏళ్లు నిండి ఉండాలి.

బాబాయి: 35 దాటిన స్త్రీ నాలుగో అధ్యాయంలో గుర్రం మీద నుంచి ఎగిరి హెలికాప్టరు తాడు ఎలా అందుకుంటుంది?

పిన్ని: 58 దాటిన స్త్రీ సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లూ కాలినడకన పూర్తి చేసింది. ఆమె భర్త హనుమంతవాక దగ్గరే ఆటో ఎక్కాడు.

బాబాయి: చెప్పు తెగింది.

పిన్ని: ఆ ప్రదక్షిణకు మీరు చెప్పులు వేసుకునే బయలుదేరారన్న సంగతి ఇన్నాళ్లకు బయటపడింది. అది అలా ఉంచండి. అసలు మీ 'తొలి' అన్న మాటే నిలవదు. ప్రతిభా పాటిల్ గారు 2007 జూలై 25న ప్రమాణ స్వీకారం చేశారు. సరిగ్గా 15 ఏళ్లకు, అదే తేదీన, ద్రౌపదీ ముర్ము గారు చేశారు. 2022 డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవానికి ముర్ము గారు మన ఆర్కే బీచికి వచ్చినప్పుడు, జనం మధ్యలో నా చెయ్యి నొక్కి "నా నవల దొరికిందే" అని అరిచింది మీరే కదా?

బాబాయి: అందుకే దేశం మార్చేశాను. సముద్రం నడుమ ఒక చలి దీవి అనుకో.

పిన్ని: అనుకోనక్కర్లేదు, అది ఐస్‌లాండ్. అక్కడ 1980లోనే విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ అనే ఆవిడ ముగ్గురు మగ అభ్యర్థులను ఓడించి, ప్రజలు నేరుగా ఎన్నుకున్న తొలి మహిళా దేశాధ్యక్షురాలై, 16 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు.

బాబాయి: ఆ పేరు పూర్తిగా పలికేలోపు నా హంతకుడు విమానం ఎక్కి వెళ్లిపోతాడు. అమెరికా పెట్టేస్తాను. అక్కడ ఇంతవరకు ఏ మహిళా అధ్యక్షురాలు కాలేదు.

పిన్ని: కాలేదు గాని, 2021 నవంబరు 19న బైడెన్ గారికి పెద్దపేగు పరీక్ష కోసం మత్తు ఇచ్చినప్పుడు, 85 నిమిషాలపాటు అధ్యక్షుడి అధికారాలన్నీ కమలా హారిస్ గారి చేతిలో ఉన్నాయి. మీరు పేపరు పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్లి వచ్చేలోపు, అంత పెద్ద దేశాన్ని ఒక ఆడమనిషి చూసుకుని, చెక్కు చెదరకుండా తిరిగి అప్పగించింది. ఉత్కంఠకు ఆ 85 నిమిషాలు చాలవా?

బాబాయి: నా నవలలోకి పెద్దపేగు రాదు. నా పాఠకులు భోజనం చేస్తూ చదువుకుంటారు. ఇక ఇదే నా తుది నిర్ణయం: దేశం ఊహాదేశం, రాజ్యాంగం మాత్రం మనది. ప్రతినాయకుడు ఆమెను అపహరించి, బీచి రోడ్డులోని కురుసుర జలాంతర్గామిలో కూర్చోబెట్టి, బంగాళాఖాతం అడుగుకు తీసుకుపోతాడు.

(ఊహాదేశంలోకి మన బీచి రోడ్డు ఎలా వచ్చిందని అడుగుదామనుకున్నాను గాని, పిన్ని నాకు అవకాశం ఇవ్వలేదు.)

పిన్ని: కురుసుర 2001లో నౌకాదళ సేవ నుంచి విరమించి, ఆ మరుసటి ఏడు నుంచి ప్రదర్శనశాలగా ఒడ్డునే కూర్చుంది. దానికన్నా మీరే నయం, విరమించాక పాల పాకెట్టు కోసమైనా కదులుతున్నారు. మనం చూడటానికి వెళ్లినప్పుడు, గుండ్రటి ద్వారంలో దూరబోయి మీ నుదురు బొప్పి కడితే, బయటికి వచ్చాక చల్లటి గోలీ సోడా సీసా దాని మీద దొర్లించింది నేనే. ఇంతకూ మీ ప్రతినాయకుడు టికెట్టు కొనే లోపలికి వెళ్తాడా?

బాబాయి: ఇద్దరికీ కొంటాడు. దుర్మార్గుడే గాని మర్యాద తెలిసినవాడు. లోపలికి వెళ్లాక ఆమె కణతకు తుపాకి గురిపెట్టి, అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం పెట్టమంటాడు.

పిన్ని: తుపాకి దేనికండీ? 1975 జూన్ 25 రాత్రి అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు తుపాకి లేకుండానే, ప్రధాని పంపిన కాగితం మీద సంతకం పెట్టారు. మంత్రివర్గానికి ఆ సంగతి మర్నాడు పొద్దున్న గాని తెలియలేదు. ఆ అనుభవంతోనే 44వ సవరణలో, మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఆ ప్రకటన చేయరాదని కట్టడి చేశారు. కనుక ఆవిడ ఒక్కతెను ఎత్తుకుపోయి లాభం లేదు, మంత్రివర్గం మొత్తాన్ని కురుసురలో కుక్కాలి.

బాబాయి: అంతమందికి టికెట్లు కొనే స్థోమత వాడికి లేదు. అయినా, సలహా ఇచ్చిన చోట సంతకం పెట్టడమే ఆమె పని అయితే, ఇక కథలో పోరాటం ఏముంది?

పిన్ని: పెట్టకపోవడంలో ఉంది. 1986లో ఉత్తరాలు విప్పి చూసే అధికారం ప్రభుత్వానికి కట్టబెట్టే తపాలా సవరణ బిల్లు అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమోదించలేదు, తిరస్కరించలేదు, తిప్పి పంపనూ లేదు, తన దగ్గరే అట్టే పెట్టుకున్నారు. ఇన్ని రోజుల్లో తేల్చాలని రాజ్యాంగం గడువు పెట్టలేదు కదా! మీ నవలలో ఆ బల్ల ముందు ఆవిడను కూర్చోబెట్టండి. రాత్రి పదకొండు దాటింది. వరండాలో ప్రధాని కార్యదర్శి మూడోసారి గడియారం చూసుకున్నాడు. ఆవిడ కలం మూత తీసింది, కాగితం మొదటి నుంచి మళ్లీ చదివింది, మూత పెట్టేసింది, కాఫీలో చక్కెర తక్కువైందని కబురు పంపింది. చీర రంగు ఎవరికీ గుర్తులేదు. అలాంటి నవలైతే నేను అన్నం మానేసి చదువుతాను.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కొళాయి మాత్రం టప్పు టప్పుమంటూనే ఉంది. బాబాయి లెడ్జరు మార్జినులో గబగబా ఏదో గీసుకున్నాడు.)

బాబాయి: అంటే, ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా ధైర్యమేనని నువ్వు ఒప్పుకుంటున్నావు.

పిన్ని: ఆవిడ విషయంలో ఒప్పుకుంటున్నాను. సంక్రాంతి నుంచి కారుతున్న మన కొళాయి విషయంలో ఒప్పుకోను.

బాబాయి: వాషరు మారిస్తే చాలా, కొళాయే మార్చాలా అన్నది తేలలేదు కనుక, ఆ అంశాన్ని పునఃపరిశీలన కోసం నీకే తిప్పి పంపాను.

పిన్ని: తిప్పి పంపడం ఒక్కసారికే చెల్లుతుంది. రెండోసారి వచ్చిన బిల్లుకు ఆమోదం తెలిపి తీరాలి. నేను ఇప్పటికి పదకొండుసార్లు పంపాను. ఇంకో సంగతి. మీ కథలో గుర్రానికి తుఫాను అని పేరుంది, ప్రతినాయకుడి కుక్కకూ పేరుంది. ఆవిడ పేరేమిటి?

బాబాయి (మూడు అధ్యాయాలూ తిరగేసి): పేరు పరిశీలనలో ఉంది.

(అంతలో వీధి గంట మోగింది. ఒక ప్లంబరు, భుజాన సంచితో, "అమ్మగారు పొద్దున్న ఫోను చేశారండి" అంటూ నేరుగా వంటింట్లోకి నడిచాడు. పది నిమిషాలకు టప్పు టప్పు ఆగిపోయింది. అతను 450 రూపాయలకు చీటీ రాసి బాబాయి చేతిలో పెట్టాడు.)

బాబాయి: నా ఆమోదం లేకుండా ఈ మనిషిని ఎవరు పిలిచారు? ఈ బిల్లును నేను పునఃపరిశీలన కోసం...

పిన్ని: 111వ అధికరణ ఇంకోసారి చదవండి. ఇది ద్రవ్య బిల్లు. దీన్ని తిప్పి పంపే అధికారం రాష్ట్రపతికి లేదు.

(బాబాయి లెడ్జరు మూసి, దాని అట్టకింద దాచుకున్న అయిదు వందల నోటు తీసి ఇచ్చాడు. చిల్లర యాభై పిన్ని తీసుకుంది.)