గడీ సినిమాకు గుమాస్తా కావాలి

జేమ్స్ ఐవరీ 1993లో తీసిన ‘ద రిమెయిన్స్ ఆఫ్ ద డే’ కథ తెలిసిందే. ఇంగ్లండులో ఒక ప్రభువు బంగళా, బట్లర్ స్టీవెన్స్, హౌస్‌కీపర్ మిస్ కెంటన్, ఇద్దరి మధ్య నోరు దాటని ప్రేమ. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డూ రాలేదు. తెలంగాణ దొరల కోటల్లాంటి ఇళ్లు, అంటే గడీల నేపథ్యంలో అలాంటిది తీయాలని మన కుర్ర దర్శకులకు ఆశ పుట్టడం సహజం. అయితే వాళ్లు అందులోని మౌనాన్ని చూస్తున్నారు, పనిని చూడటం లేదు.

బల్ల మీద సామాను మధ్య ఎడాన్ని అక్కడ స్కేలుతో కొలుస్తారు. మేడ మీద తండ్రి పోయాడని తెలిసినా స్టీవెన్స్ కళ్లు మూసే పని కెంటన్‌కే వదిలి కింద అతిథుల సేవకు పోతాడు. తనకు పెళ్లి కుదిరిందని కెంటన్ చెప్పిన రాత్రి, ఆమె ఏడుస్తున్న గదిలోకి వెళ్లి, ఫలానా మూల దుమ్ము తుడవలేదంటాడు. ఆ ఇంట్లో దుమ్ముకు ఎంత విలువో అప్పటిదాకా చూశాం కాబట్టే ఆ మాట కోస్తుంది. లేకపోతే అది పిచ్చిమాట.

మన దగ్గర సెట్టుకు కోట్లు పోస్తారు, లాంతరు పట్టుకోవడం మాత్రం నటుడికి రాదు. షూటింగుకు ముందు పదిరోజులు సినిమా తీసే చోటే అతనితో పని చేయించండి. చిమ్నీని బూడిదతో తోమించండి, వత్తిని కత్తిరించడం నేర్పండి. వంకరగా కోస్తే మంట ఒక పక్కకు లేచి చిమ్నీకి మసి పడుతుంది. ఆ మసే ఒక సీను కావచ్చు. మాటలను లొకేషన్‌లోనే రికార్డు చేయాలి. ప్రతి అర్రలో అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ శబ్దం, అంటే మాటల్లేనప్పుడు ఆ అర్రలో వినిపించేది, పట్టుకోవాలి. స్టూడియోలో డబ్బింగ్ చెప్పిన గుసగుసకు గోడల మోత ఉండదు. ఆ వెలితి పూడ్చడానికి వయొలిన్లు దిగుతాయి, ఇక అణచుకోవడానికి ఏమీ మిగలదు. భవంతిలో వెలుగు నడిమి వాకిలి నుంచే వస్తుంది కాబట్టి తలుపు దగ్గరి ముఖం సగం నీడలో ఉంటుంది. షూటింగయ్యాక రంగులు, వెలుగులు సరిదిద్దే డీఐలో దాన్ని తెల్లగా తోమేయొద్దు. ఇదంతా బి. నర్సింగరావు ‘దాసి’లో 1988లోనే చూశాం. అర్చన నటనకూ, ఎ.కె. బీర్ కెమెరాకూ, వైకుంఠం కళాదర్శకత్వానికీ జాతీయ అవార్డులు ఊరికే రాలేదు.

గడీలో కర్తవ్యమెక్కడిది, ఉన్నది వెట్టే కదా అంటారు. నిజమే. చాకలి, మంగలి, కుమ్మరి వంతులవారీగా ఊడిగం చేసిన చోట, దొర బిడ్డ వెంట ఆడబాపలను, అంటే దాసీ పిల్లలను, అత్తగారింటికి పంపిన చోట స్టీవెన్స్ దొరకడు.

గడీలో లెక్కలు చూసే కచేరీలో దొరుకుతాడు. జీతం తీసుకుని, ఈ రోజు వెట్టి ఎవరి వంతో, ఎవరు ఎంత నాగు (వడ్డీకి తెచ్చుకున్న ధాన్యం) బాకీయో రాసిన గుమాస్తా అతను. స్టీవెన్స్ కూడా అంతే. యజమాని చెప్పగానే ఇద్దరు యూదు పనిపిల్లలను పంపేస్తాడు. కెంటన్ మండిపడి తానూ పోతానంటుంది, పోలేక ఉండిపోతుంది. ఆ ప్రేమకథకు అసలు బరువు అక్కడిదే. ఇప్పుడు విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం కింది కడవెండిని తలచుకోండి. 1946 జులై 4న అక్కడ దొరకు ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగాడు. మర్నాడు గడీలో చిట్టా తెరిచినవాడు ఏం రాసి ఉంటాడు? ఇంటికెళ్లి ఎవరి ముఖం చూసి ఉంటాడు?

మన సినిమాలకు దొర, తిరగబడ్డ రైతు చాలు. చరిత్ర విషయంలోనూ అదే తీరు. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు దక్కింది, సంతోషం. రాయికీ సున్నానికీ దక్కిన శ్రద్ధ కాగితానికి దక్కదు. పాత పట్వారీల, గుమాస్తాల వారసులు పెట్టెల్లో ఏమున్నాయో చూడకుండానే చిత్తుకాగితాల కింద అమ్మేస్తున్నారు. గడీ కథ రాసేవాళ్లు ముందు ఆ ఇళ్లకు పోవాలి. ఉర్దూ శికస్తా, అంటే గొలుసుకట్టు రాత, చదవగలిగే పెద్దలు ఉండగానే ఆ లెక్కలు చదివించుకోవాలి. కెమెరా అద్దె సంగతి ఆ తర్వాత.