రాక్షస గుళ్లలో రాక్షసులు లేరు

మా బంధువుల వాట్సాప్ గుంపులోకి మొన్న మళ్లీ ఆ ఫోటో వచ్చింది. గుంటలో వెల్లకిలా పడి ఉన్న మహాకాయుడి అస్థిపంజరం, పుర్రె పక్కన చీమంత మనిషి. దాని కింద రాత: "ఉత్తర భారతంలో ఘటోత్కచుడి అస్థిపంజరం దొరికింది. ఎత్తు 60 అడుగులు. నేషనల్ జియోగ్రాఫిక్ వారు సైన్యం సాయంతో తవ్వారు. తెలంగాణ అడవుల్లో పెద్ద బండలతో కట్టిన రాక్షస గుళ్లు ఇలాంటి వారివే. ఆ బండలు మనుషులు ఎత్తగలరా? ప్రభుత్వం నిజం దాస్తోంది." పంపింది నాకు బాబాయి వరస. గుంపులో ఆయన మాటకు అడ్డు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫోటో సంగతి. అది 2002లో కంప్యూటర్‌లో ఫోటోలు మార్చి చూపే పోటీ కోసం కెనడా చిత్రకారుడొకరు తయారుచేసింది. అడుగున ఉన్న అసలు ఫోటో 2000లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, హైడ్ పార్క్‌లో తీసినది. అక్కడ ఒక ఇంటి వెనక కుంటలో మాస్టొడాన్ అనే, ఏనుగును పోలిన ప్రాచీన జంతువు ఎముకలు బయటపడితే శాస్త్రజ్ఞులు తవ్వారు. ఆ తవ్వకం ఫోటో మీద ఆ చిత్రకారుడు మనిషి అస్థిపంజరాన్ని పెద్దది చేసి అతికించాడు. ఆయన ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. పోటీకి పంపాడు, అంతే.

నేషనల్ జియోగ్రాఫిక్, సైన్యం కథ ఇంకా తమాషా. 2004లో ఇదే బొమ్మ సౌదీ అరేబియా ఎడారిలో దొరికిన, ఖురాన్‌లో చెప్పిన ఆద్ జాతి మనిషిదంటూ తిరిగింది. ఆ ఎడారిని ఇంగ్లీషులో 'ఎంప్టీ క్వార్టర్' అంటారు. 2007 నాటికి కథ మన దేశానికి వచ్చింది. దేశం మార్చారు, పాత్ర మార్చారు గాని ఎడారి పేరు మార్చడం మరిచిపోయారు. ఉత్తర భారతంలో 'ఎంప్టీ క్వార్టర్' ఎక్కడుందో పంపేవారిలో ఒక్కరూ అడగలేదు. భారతం తెలిసినవారికైనా అనుమానం రావాలి కదా, ఘటోత్కచుడు కూలింది ఎడారిలో కాదు, కురుక్షేత్రంలో, కౌరవ సేన మీద. చివరికి 2007 డిసెంబరులో నేషనల్ జియోగ్రాఫిక్ వారే ఇది బూటకమని తేల్చి రాశారు.

ఇక 60 అడుగుల లెక్క. ఆరడుగుల మనిషిని అదే ఆకారంలో పదింతలు చేస్తే బరువు పదింతలు కాదు, వెయ్యింతలు అవుతుంది. 70 కిలోలవాడు 70 టన్నులవాడవుతాడు. ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం వందింతలే పెరుగుతుంది. అంటే ఎముకలో ప్రతి చదరపు అంగుళం మీదా పదింతల భారం. మొదటి అడుగుకే తొడ ఎముక విరుగుతుంది. ఏనుగు కాళ్లు స్తంభాల్లా ఉన్నది ఇందుకే.

రాక్షస గుళ్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లోని దామరవాయి, గోదావరి పక్కన జానంపేట, ఇలా ఎన్నో చోట్ల ఇవి ఉన్నాయి. బండ పలకలను నిలువుగా నిలిపి, పైన మరో పెద్ద పలక కప్పితే అదొక గది. కొన్నింటికి ఒక పక్క పలకలో గుండ్రటి కంత ఉంటుంది. ఆ కంత ముందు గొంతుకు కూర్చుని లోపలికి తొంగిచూడండి. మామూలు మనిషే ముడుచుకుని దూరాలి. అరవై అడుగులవాడికి అందులో మోచేయి కూడా పట్టదు.

అవి ఇళ్లు కావు, సమాధులు. చాలావరకు ఇనుప యుగానివి. ఇలాంటి సమాధుల్లో నలుపు, ఎరుపు రంగుల కుండలు, ఇనుప కొడవళ్లు, గొడ్డళ్లు, పూసలు దొరుకుతాయి. కొన్నిచోట్ల కాళ్లున్న మట్టి తొట్లలో ఎముకలు ఉంటాయి. చాలాసార్లు శవాన్ని నేరుగా పూడ్చలేదు. మాంసం కరిగిపోయాక ఎముకలు ఏరి తెచ్చి పెట్టారు. ఒకే గదిలో ఒకరికి మించి మనుషుల ఎముకలూ దొరుకుతాయి. అవన్నీ మనంత మనుషులవే. ఆ కొడవలి పిడి పట్టిన చెయ్యీ మన చెయ్యంతదే.

మరి బండలు ఎవరు ఎత్తారు? ఈ ప్రశ్న మాత్రం మంచిదే. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో సుమారు 40 టన్నుల కప్పుబండను తీయడానికి పురావస్తు శాఖవారు క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. కానీ క్రేన్ లేకుండా బండను కదిలించే ఉపాయాలు మనకు కొత్త కాదు. బండ మీద మంట వేసి, వేడికి పొర లేచాక సమ్మెటతో కొట్టి పలకలు తీసే పద్ధతి రాళ్లు కొట్టేవాళ్లకు నిన్నమొన్నటి వరకు తెలిసిందే. ఆ పలకను దుంగల మీద దొర్లిస్తారు, మోకులతో లాగుతారు, మట్టి కట్ట మీదుగా పైకి ఈడుస్తారు. ఇండోనేషియాలోని సుంబా దీవిలో ఈ కాలంలోనూ వందల మంది కలిసి సమాధి రాళ్లు ఈడ్చుకొచ్చారు. కొరాపుట్ గదబలు, బస్తర్ మాడియా గోండులు చనిపోయినవారి గుర్తుగా రాళ్లు నిలిపే ఆచారం మనకు పక్కనే ఉంది. అక్కడ రాక్షసుడి అవసరం రాలేదు, ఊరంతా కదిలితే సరిపోయింది.

దాచారన్న మాటకు ఒక్క ఉదాహరణ చాలు. 1982లో నర్మదా తీరాన హథ్నోరాలో అరుణ్ సొనాకియా అనే భూగర్భ శాస్త్రజ్ఞుడికి ప్రాచీన మానవుడి పుర్రెలో ఒక ముక్క దొరికింది. ఆ ముక్క మీద లోకమంతా దశాబ్దాల పాటు వాదించుకుంది. పుర్రె ముక్కకే అంత హడావిడి అయితే, 60 అడుగుల అస్థిపంజరం దొరికిన శాస్త్రజ్ఞుడు నోరు మూసుకుని ఇంటికి వెళ్తాడా?

ఈ సందేశం ఊరికే నవ్వుకుని వదిలేసేదైతే ఇంత రాసేవాణ్ణి కాదు. రాక్షసులుంటే వాళ్ల నిధులూ ఉంటాయనే ఆశతో రాత్రిపూట గునపాలు పట్టుకుని ఈ సమాధుల మీద పడేవాళ్లున్నారు. బంగారం దొరకదు. కుండలు పగిలి పక్కన పడతాయి, ఎముకలు చెల్లాచెదురవుతాయి. ఏ కుండ ఏ ఎముక పక్కన ఉండిందో చెప్పడానికి ఆ తర్వాత ఎవరికీ వీలుండదు.