గోడ దగ్గర రేడియో

పిట్స్‌బర్గ్‌లో ఏటా అక్టోబర్ 13న కొందరు మడత కుర్చీలు చంకన పెట్టుకుని ఒక పాత ఇటుక గోడ దగ్గరికి చేరతారు. తీగలు పాకిన ఆ గోడ ఫోర్బ్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానంలో మిగిలిన ముక్క. మైదానం 1970లోనే మూతపడింది. ఆ స్థలంలో యూనివర్సిటీ భవనాలు లేచాయి. వచ్చినవాళ్లు అక్కడ ఆడరు, 1960 నాటి ఒక మ్యాచ్ రేడియో కామెంటరీ పెట్టుకుని వింటారు. ఆ రోజు బంతి గోడ దాటింది మధ్యాహ్నం 3.36కి. మళ్లీ సరిగ్గా ఆ నిమిషానికే దాటేలా లెక్క చూసుకుని మొదలుపెడతారు. ఎవరు గెలిచారో అందరికీ తెలుసు. అయినా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి టెన్షన్ పడతారు, బంతి దాటగానే కేకలు వేస్తారు.

అంత పట్టు దేనికో తెలియాలంటే ఆ మ్యాచ్ గురించి కాస్త చెప్పుకోవాలి. అమెరికా బేస్‌బాల్‌లో ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో నాలుగు మ్యాచ్‌లు ముందుగా గెలిచినవారిదే టైటిల్. 1960లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి ఎదురుపడింది న్యూయార్క్ యాంకీస్, అప్పట్లో తిరుగులేని జట్టు. యాంకీస్ గెలిచిన మూడూ 16-3, 10-0, 12-0. పైరేట్స్ గెలిచినవేమో ఒక పరుగు, రెండు పరుగులు, మూడు పరుగుల తేడాతో. ఏడో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పైరేట్స్ 7-4తో వెనకబడి ఉండగా బిల్ విర్డన్ కొట్టిన మామూలు బంతి నేల మీద ఎగుడుదిగుడు తగిలి పైకి లేచి, యాంకీస్ ఫీల్డర్ టోనీ క్యూబెక్ గొంతుకి తగిలింది. అక్కడి నుంచి కథ మారింది. హాల్ స్మిత్ హోమ్ రన్‌తో (బంతిని మైదానం గోడ అవతలికి కొట్టే దెబ్బ) 9-7. యాంకీస్ వదల్లేదు, 9-9 చేశారు. అప్పుడు బ్యాట్ పట్టుకొచ్చినవాడు బిల్ మజెరోస్కీ. ఫీల్డింగ్‌కి పేరున్న మనిషే గానీ బ్యాటింగ్ వరసలో ఎనిమిదోవాడు. రెండో బంతిని ఎడమవైపు గోడ మీదుగా అవతల పడేశాడు. గోడ దగ్గర నిలబడ్డ యాంకీస్ ఫీల్డర్ యోగి బెర్రా తల ఎత్తి చూడ్డం తప్ప ఏమీ చేయలేకపోయాడు. మజెరోస్కీ టోపీ చేత్తో గిరగిరా తిప్పుతూ పరుగెత్తుతుంటే జనం మైదానంలోకి దూకారు. ఏడు మ్యాచ్‌లూ కలిపితే యాంకీస్ పరుగులు 55, పైరేట్స్‌వి 27. టైటిల్ మాత్రం 27 కొట్టినవారిది. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ ఆఖరి దెబ్బ హోమ్ రన్ కావడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఇంతటి మ్యాచ్ పూర్తి టీవీ రికార్డింగ్ దశాబ్దాల పాటు ఎక్కడా కనబడలేదు. దాచిన ఒకే ఒక్కడు గాయకుడు, నటుడు బింగ్ క్రాస్బీ. పైరేట్స్ జట్టులో ఆయనకి చిన్న వాటా ఉండేది. తాను చూస్తే ఓడిపోతారేమోనన్న భయంతో పారిస్ వెళ్లి కూర్చున్నాడు. (క్రికెట్ చూస్తూ కుర్చీలోంచి లేచినవాణ్ణి మళ్లీ కూర్చోనివ్వని ఇళ్లు మనకీ ఉన్నాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు.) గెలిస్తే తర్వాత చూసుకుందామని టీవీ ప్రసారాన్ని ఫిల్మ్ మీదికి ఎక్కించమని మనుషుల్ని పెట్టాడు. ఆ అయిదు రీళ్లూ 2009 చివర్లో, ఆయన పోయిన ముప్ఫై రెండేళ్లకి, ఇంట్లో వైన్ సీసాలు పెట్టుకునే నేలమాళిగలో దొరికాయి. జట్టు దగ్గర లేదు, లీగ్ దగ్గర లేదు, ఒక పిరికి అభిమాని నేలమాళిగలో ఉందన్నమాట.

పైరేట్స్ చరిత్రని తిరగేసిన కొద్దీ ఇదే కనబడుతుంది. దాచాల్సినవారు దాచరు. ఈ తప్పులో మా పత్రికల వాటా కూడా ఉందని ముందే ఒప్పుకుంటాం. 1971 సెప్టెంబర్ 1న ఫిలడెల్ఫియాతో మ్యాచ్‌కి మేనేజర్ డానీ మర్టా దించిన తొమ్మిదిమందీ నల్లజాతివారు, లాటిన్ అమెరికన్లు. అమెరికా బేస్‌బాల్‌లో పైస్థాయి అయిన మేజర్ లీగ్‌లో అలాంటి జట్టు దిగడం అదే మొదటిసారి. పైరేట్స్ 10-7తో గెలిచారు. ఆట కొంత సాగాక గానీ ఆటగాళ్లలో కొందరు ఆ సంగతి గమనించుకోలేదట. మర్నాడు పొద్దున పిట్స్‌బర్గ్ జనం పేపర్ తెరిచి చదువుకుందామంటే పేపరే లేదు. ఊళ్లో రెండు దినపత్రికల్లోనూ సమ్మె. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున అడుగుపెట్టి రంగు గోడ బద్దలుకొట్టిన రోజు గురించి లెక్కలేనన్ని వ్యాసాలు వచ్చాయి. ఇరవై నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఈ సాయంత్రం మాత్రం చాలాకాలం దాన్ని చూసిన పదకొండు వేల పైచిలుకు మంది నోటి మాటగానే మిగిలిపోయింది.

ఆ తొమ్మిదిమందిలో రైట్ ఫీల్డ్‌లో నిలబడ్డవాడు రాబర్టో క్లెమెంటే. ప్యూర్టో రికోలోని కరొలీనాలో పుట్టి, 1955 నుంచి పద్దెనిమిది సీజన్లు ఒకే జట్టుకి ఆడాడు. మొదట్లో పత్రికలు ఆయన యాసని అక్షరం అక్షరం ఎక్కిరిస్తూ అచ్చువేసేవి. ఆటగాళ్ల బొమ్మలుండే కార్డుల మీద రాబర్టోని కాస్తా ‘బాబ్’ చేశారు. పేరు పెట్టింది అమ్మానాన్నా, దాన్ని మార్చడానికి కార్డుల కంపెనీ ఎవరు? 1971 వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ మీద గెలిచాక టీవీవాళ్లు మైకు పెడితే క్లెమెంటే ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడలేదు. స్పానిష్‌లో తల్లిదండ్రుల దీవెన అడిగాడు. దేశమంతా చూస్తోంది. మా లెక్కలో పైరేట్స్ చరిత్రలో మజెరోస్కీ దెబ్బ కన్నా పెద్ద ఘట్టం ఇదే. ఒప్పుకోనివాళ్లు ఆ గోడ దగ్గర చాలామందే ఉంటారు.

1972 సెప్టెంబర్ 30న క్లెమెంటే మూడు వేల హిట్లు పూర్తిచేశాడు. రెగ్యులర్ సీజన్ ఆటలో ఆయన కొట్టిన ఆఖరి హిట్టూ అదే అయింది. డిసెంబర్‌లో నికరాగ్వా రాజధాని మనాగ్వాని భూకంపం నేలమట్టం చేసింది. పంపిన సాయం అక్కడి సైనికుల చేతుల్లో దారి తప్పుతోందని విని, తానే వెంట ఉంటే అడ్డుపడరని డిసెంబర్ 31 రాత్రి సామాన్లతో నిండిన పాత విమానం ఎక్కాడు. మోయగలిగినదానికి మించిన బరువు. శాన్ హువాన్ తీరం దాటీ దాటకముందే సముద్రంలో కూలింది. మృతదేహం దొరకలేదు. జట్టు క్యాచర్ మానీ సాంగియెన్ మిగతావాళ్లతో పాటు సంతాప ప్రార్థనలకి వెళ్లలేదు. స్నేహితుడి కోసం వెతుకుతూ నీళ్లలో మునుగుతూ ఉండిపోయాడు. మేటి ఆటగాళ్లకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి అయిదేళ్లు ఆగాలన్న నిబంధనని క్లెమెంటే కోసం పక్కనపెట్టారు. ఆయన నంబర్ 21ని ఇంకెవరికీ ఇవ్వలేదు. ఇప్పటి పీఎన్‌సీ పార్క్‌లో రైట్ ఫీల్డ్ గోడ ఎత్తు కూడా 21 అడుగులే.

2025లో ఆ గోడ కింద ఉండే 21 గుర్తు మాయమై, ఆ చోట ఒక మద్యం కంపెనీ ప్రకటన వచ్చింది. ఊరు భగ్గుమంది, క్లెమెంటే కుటుంబం బాధపడింది. యాజమాన్యం పొరపాటైందని క్షమాపణ చెప్పి గుర్తుని తిరిగి పెట్టింది. అదే ఏడాది ఇంకో నిర్వాకం. స్టేడియం కట్టినప్పుడు అభిమానులు డబ్బు కట్టి తమవాళ్ల పేర్లు చెక్కించుకున్న ఇటుకలు పాతసామాన్ల యార్డులో కుప్పలుగా కనబడ్డాయి. చనిపోయిన నాన్న పేరో తాత పేరో ఉన్న ఇటుక చెత్తలో చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. జట్టుని అమ్మేయండని స్టాండ్స్‌లో నినాదాలు మిన్నంటాయంటే ఓటములు మాత్రమే కారణమని మేము అనుకోం. ఓడటం వాళ్లకి కొత్త కాదు. 1992లో అట్లాంటాలో ఆఖరి ఇన్నింగ్స్‌లో వరల్డ్ సిరీస్ బెర్త్ చేజారిన తర్వాత వరసగా 20 సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. అయినా 2013 అక్టోబర్‌లో జట్టు మళ్లీ ప్లేఆఫ్‌కి రాగానే నలభై వేల మంది నల్లచొక్కాలతో వచ్చి, సిన్సినాటి జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) పేరుని సాగదీసి పిలిచి పిలిచి గేలిచేశారు. అతని చేతిలోంచి బంతి జారిపడింది. తర్వాతి బంతే హోమ్ రన్.

ఈ జట్టు మనకి మరీ పరాయిదేమీ కాదు. జావెలిన్ విసిరే ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ఒక టీవీ పోటీ నెగ్గి అమెరికా వెళ్తే, కాంట్రాక్టు ఇచ్చింది పైరేట్సే. మేజర్ లీగ్ దాకా వెళ్లలేకపోయారు గానీ 2009లో కింది లీగ్‌లో రింకూ ఒక మ్యాచ్ గెలిపించిన పిచర్‌గా రికార్డుకెక్కాడు. ఇక 1976లో తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో వెంకన్న గుడి కట్టుకున్న మనవాళ్లకి, మూడేళ్లకే ఈ జట్టు మరో వరల్డ్ సిరీస్ చూపించింది. 3-1తో వెనకబడి వరసగా మూడు గెలిచారు. ముప్ఫై తొమ్మిదేళ్ల విలీ స్టార్జెల్ ఆ సీజన్ అంతా బాగా ఆడినవాళ్ల టోపీలకి అంటించుకోమని గుడ్డ నక్షత్రాలు పంచేవాడు. జట్టుకి ఇప్పటివరకు అదే ఆఖరి టైటిల్.

గోడ మీద ఏ గుర్తు ఉండాలి, ఏ ఇటుక తీయాలి అన్నది మార్కెటింగ్ విభాగం ఒంటరిగా తేల్చే పద్ధతి మానుకోవాలని మా సూచన. పాత ఆటగాళ్లనీ, అభిమానులనీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి అడగడానికి కోట్లు అక్కర్లేదు. అక్టోబర్ 13న ఆ గోడ దగ్గర మడత కుర్చీల్లో అడగాల్సినవాళ్లంతా దొరుకుతారు. 3.36 అయ్యేదాకా మాత్రం ఎవరూ మాట్లాడరు.