‘ఫాస్టెస్ట్’ బటన్ గారికి బహిరంగ లేఖ

ప్రయాణాలు పోల్చి చూపించే యాప్‌లో పైవరసన కొలువుదీరిన ‘ఫాస్టెస్ట్’ బటన్ గారి దివ్యసముఖానికి,

పారిస్ శివార్లలో మా అక్కావాళ్ళ సోఫా మీద, కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టుకుని రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీరు కుశలమే అయి ఉంటారు. మీకు కాళ్ళు లేవు కదా.

లండన్ టు పారిస్ అని కొట్టగానే మీరెంతో దయతో మూడు వరసలు చూపించారు. విమానం గంటా ఇరవై నిమిషాలు, రైలు రెండు గంటల ఇరవై నిమిషాలు, బస్సు తొమ్మిది గంటలు. విమానం పక్కన మీ ముద్ర. బస్సు ఎక్కడో అట్టడుగున. రైలు టికెట్టు బాగా ముందుగా కొనుక్కుంటే చవగ్గానే వస్తుందని అందరూ చెబుతారు గానీ, మా మేనేజరు సెలవు ఖాయం చేసేది ప్రయాణానికి ముందు ఆఖరి వారంలో. అప్పటికి రైలు రేటు విమానం రేటుకి మూడింతలు. డబ్బూ మిగులుతోంది, గంట టైమూ మిగులుతోంది, ఇంకేం కావాలి? "శనివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానే" అని అక్కకి మాట ఇచ్చేశాను. గుత్తివంకాయ చెయ్యమని కూడా చెప్పాను.

ఒక చిన్న సందేహం, కోప్పడకండి. ఆ గంటా ఇరవై నిమిషాలు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా?

ఎందుకంటే మీరు చూపించిన లండన్ విమానాశ్రయం పేరు లూటన్. అది లండన్‌లో లేదు. ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో, బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఉంది. అక్కడికి పోవాలంటే సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కి వచ్చి లోకల్ రైలెక్కాలి. ఆ రైలు కూడా విమానాశ్రయం దాకా పోదు, పార్క్‌వే అనే స్టేషన్‌లో దింపుతుంది. అక్కణ్నుంచి 2023లో మొదలుపెట్టిన డార్ట్ అనే ఇంకో బుల్లి రైలు, నాలుగు నిమిషాల దూరానికి దాదాపు 5 పౌండ్లు. ఇవేవీ మీ అంకెలో లేవు. టికెట్టు రేటులోనూ లేవు.

దీన్ని కూడా సరిపెట్టుకునేవాణ్ని. కానీ సెయింట్ పాంక్రాస్ అంటే ఏమిటో మీకు తెలుసా అండీ? పారిస్ రైలు బయల్దేరేది సరిగ్గా అక్కణ్నుంచే. 2007లో వాటర్లూ స్టేషన్ నుంచి మార్చి తెచ్చిపెట్టారు. తెల్లవారుజామున నిద్రమొహంతో బ్యాగు ఈడ్చుకుంటూ లోకల్ ప్లాట్‌ఫామ్ కిందకి దిగుతున్నప్పుడు, పైన పారిస్ అని బోర్డు, దాని ముందు క్యూ. ఒకావిడ కాఫీ తాగుతూ తీరిగ్గా పుస్తకం చదువుకుంటోంది. పాపం రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చోవాలి వీళ్ళంతా అని జాలిపడ్డాను. మీ చలవే.

ఆ తర్వాత జరిగినదాన్ని గబగబా చెప్పేస్తాను, మీరు బిజీగా ఉంటారు. షాంపూ బాటిల్ తీసేసుకున్నారు. గేటు దగ్గర నా బ్యాగుని ఇనుప చట్రంలో పెట్టి చూపించమన్నారు, చక్రాలు ఒక వేలెడు బయటికొచ్చాయి, టికెట్టు ఖరీదు కంటే ఎక్కువ కట్టించుకున్నారు. విమానం గంట లేటు. ఎందుకు లేటో చెప్పలేదు, అడిగితే నవ్వారు. దిగాక ఫింగర్‌ప్రింట్లు, ఫొటో, మన పాస్‌పోర్టు రంగు చూడగానే ఇంకాస్త పొడుగైనట్టు అనిపించే లైను. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది కాబట్టి అదొక గంట ఎటూ గోవిందా. వీసా సంగతి నేను ఎత్తను. 90 యూరోలు కట్టి, అపాయింట్‌మెంట్ కోసం అర్ధరాత్రి పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్న రోజుల్ని లెక్కలో కలిపితే మీ జాబితాలో విమానమూ బస్సూ ఒకటే.

విమానం దిగిన చోటు షార్ల్ ద గాల్. అది కూడా ఊళ్ళో లేదు. ఊళ్ళోకి రావాలంటే ఆర్.ఇ.ఆర్. బి లైను రైలెక్కాలి, దానికి 2025లో టికెట్టు 13 యూరోలు చేశారు. ఎక్కాను. అరగంట పైన నిలబడ్డాను. దిగాల్సిన స్టేషన్ వచ్చింది. ఏ స్టేషన్ అనుకున్నారు?

గార్ దు నార్.

లండన్ రైలొచ్చి ఆగే స్టేషన్!

అంటే స్వామీ, పారిస్ రైలు బయల్దేరే స్టేషన్ నుంచి బయల్దేరి, పారిస్ రైలు వచ్చే స్టేషన్‌లోనే దిగాను. మధ్యలో మూడు రైళ్ళు, ఒక విమానం. ఎల్బీ నగర్‌లో ఉన్నవాడు విజయవాడ బస్సుని కళ్ళెదురుగా పోనిచ్చి, శంషాబాద్ పోయి, గన్నవరంలో దిగి, మళ్ళీ సిటీ బస్సెక్కి విజయవాడ బస్టాండులోనే తేలినట్టుంది నా పని. నేను పొద్దున జాలిపడ్డ ఆ జనం తొమ్మిదిన్నరకల్లా ఇక్కడ దిగిపోయి ఉంటారు. నేను దిగేసరికి ఒకటిన్నర దాటింది. ఎస్కలేటరెక్కి పైకొస్తే మా బావ నవ్వుతూ ఎదురొచ్చి, "రైల్లో వచ్చావా? మంచి పని చేశావురా, విమానమైతే చచ్చేవాడివి" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. బ్యాగు ఆయన చేతికిచ్చేశాను.

ఇక మీరూ గీరూ నా వల్ల కాదు. ఏమనుకున్నావు నువ్వు? మనుషులు రన్‌వే మీద పుట్టి రన్‌వే మీద కాపురం చేస్తారనుకున్నావా? చక్రం కదిలినప్పటి నుంచి చక్రం ఆగేదాకా లెక్కపెట్టి, దాని పక్కన నీ పేరు రాసుకుని, సిగ్గు లేకుండా మెరుస్తావా? తెల్లారి నాలుగున్నరకి ఇంట్లోంచి బయటపడినవాణ్ని, గంట తేడా తీసేసినా గార్ దు నార్‌కి ఎనిమిది గంటలు పట్టింది. బస్సుకి నువ్వు వేసిన అంకెకి ఒక్క గంట తక్కువ! దాన్ని అడుగున పాతిపెట్టావు, దీన్ని నెత్తిన పెట్టుకున్నావు.

రైలు మాత్రం సత్యహరిశ్చంద్రుడని నేననను. గేటు అరగంట ముందే మూసేస్తారు, ఫ్రెంచి పోలీసులు పాస్‌పోర్టు చూసేది కూడా లండన్‌లోనే, కాబట్టి గంటన్నర ముందు పోవాల్సిందే. ఆ గంటన్నరా నీ అంకెలో లేదు. అది కలిపినా నాలుగు గంటల్లోపే తేలిపోతుంది. 1994లో సముద్రం కింద యాభై కిలోమీటర్ల సొరంగం తెరిచింది ఇందుకే కదా. ఫ్రాన్స్‌వాళ్ళకే విసుగొచ్చి 2023లో రెండున్నర గంటల్లోపు రైలున్న చోట్లకి పారిస్ ఇంకో విమానాశ్రయం ఓర్లీ నుంచి విమానాలు ఆపేశారు, లియోన్, నాంత్, బోర్డో. అది దేశం లోపలి మాట, లండన్‌కి వర్తించదు. వర్తిస్తే నీ కొలువు ఊడేది.

అసలు ఆ సొరంగం లేని కాలంలో కూడా నీకంటే మర్యాద ఉండేది. 1936 నుంచి 1980 దాకా నైట్ ఫెర్రీ అని ఒక రైలుండేది. సాయంత్రం లండన్ విక్టోరియాలో పడక పెట్టెలో ఎక్కితే, డోవర్ రేవులో ఆ పెట్టెల్నే ఓడలోకి తోసి గొలుసులతో కట్టేసి, డంకర్క్‌లో బయటికి లాగి, పొద్దున్నే పారిస్‌లో దింపేవాళ్ళు. ఆ గొలుసుల చప్పుడికి నిద్రపట్టేది కాదని తిట్టుకునేవాళ్ళట. రాత్రంతా పడుతుందని మాత్రం ఎక్కేముందే తెలుసు.

నీ జాబితాలోని మూడింటిలో నిజం చెప్పిందెవరో చూశావా? ఆ బస్సు. దాని తొమ్మిది గంటల్లో సముద్రం దాటేముందు దింపి పాస్‌పోర్టులు చూపించడం, ఓడలోనో సొరంగం రైల్లోనో బస్సుని ఎక్కించడం, అన్నీ ఉన్నాయి. లండన్ విక్టోరియాలో ఎక్కిస్తుంది, పారిస్ బెర్సీలో దింపుతుంది, రెండూ ఊళ్ళోవే. సీటు వెనక్కి వాలదు, ముందువాడు సాక్సు విప్పుతాడు, టాయిలెట్ సంగతి అడక్కు. అయినా అది చెప్పిన మాట మీద నిలబడే బండి.

నా తిరుగు టికెట్టు కూడా నువ్వు చూపించిన విమానమే. రీఫండ్ లేదు. ఇదే గార్ దు నార్‌లో లండన్ రైలు కిందుగా దూరి, షార్ల్ ద గాల్ పోయి, లూటన్‌లో దిగి, మళ్ళీ సెయింట్ పాంక్రాస్‌లో తేలాలి. పోతే పోనీ అని వదిలేశాను. ఆదివారం రాత్రి బస్సుకి బుక్ చేశాను, లిస్టు చివరిదాకా లాగి మరీ. ఫ్రాన్స్ ఒడ్డున కలే రేవు దగ్గర నిద్రలేపి పాస్‌పోర్టు అడుగుతారని తెలుసు. లేపుకోనీ. అక్క రెండుసార్లు వేడిచేసి పెట్టిన గుత్తివంకాయలో మిగిలింది డబ్బాలో కట్టిస్తోంది, ఓడలో తింటాను.

ఇట్లు,
నిన్ను సెట్టింగ్స్‌లో ఎక్కడ ఆఫ్ చెయ్యాలో వెతుక్కుంటున్న ఒక కస్టమరు